బదిలీ అయిన చర్చి

పిల్లలూ! సామాన్లు సర్దడం, లారీకి ఎక్కించడం, కొత్త ఊళ్లో కొత్త నేస్తాలను వెతుక్కోవడం మీకూ మాకూ అలవాటే. బదిలీలు మనుషులకే గాని కట్టడాలకు ఉండవనుకున్నాం, ఇంగ్లండులోని సాలిస్‌బరీ కేథడ్రల్ సంగతి చదివేదాకా.

బిషప్ పీఠం ఉన్న చర్చిని కేథడ్రల్ అంటారు. మన మెదక్ చర్చీ అలాంటిదే. సాలిస్‌బరీ వారిది మొదట ఓల్డ్ సారమ్ అనే గుట్ట మీద, రాజుగారి కోట పక్కన ఉండేది. 1092లో ప్రతిష్ఠించారు. అక్కడ గాలి ఎక్కువ, నీళ్లు తక్కువ. పైగా కోటలో సైనికులకూ చర్చి వారికీ పడేది కాదు. చివరకు బిషప్ రిచర్డ్ పూర్, సుమారు రెండు మైళ్ల అవతల నది దగ్గరి పచ్చికబయలుకు మకాం మార్చారు. 1220 ఏప్రిల్ 28న శంకుస్థాపన జరిగింది. గుట్ట మీంచి వదిలిన బాణం పడ్డచోట కట్టారని ఓ కథ ఉంది. రెండు మైళ్లు పోయే బాణం ఎక్కడిదంటారా? అది తగిలిన జింక అంతదూరం పరుగెత్తిందట!

1258కల్లా, అంటే 38 ఏళ్లలో, ప్రధాన భాగం పూర్తయింది. ఆ కాలంలో ఇది చాలా వేగం. అందుకే కట్టడమంతా దాదాపు ఒకే తీరులో ఉంటుంది: మొనదేలిన కమానులు, సన్నని పొడవాటి కిటికీలు, నల్లని పర్బెక్ రాతి స్తంభాలు. లోతుగా తవ్వితే నీరు ఊరే నేల కాబట్టి పునాది నాలుగడుగులే. దాని కింద గట్టి కంకర పొర ఉంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మరో తరం వారు దాని మీద ఎత్తైన బురుజు, శిఖరం లేపారు. మొత్తం ఎత్తు 404 అడుగులు, అదనపు బరువు సుమారు 6,500 టన్నులు. ఇంత బరువు మోయాలని కింది స్తంభాలకు ఎవరూ ముందుగా చెప్పలేదు! అవి వంగాయి. నేటికీ ఆ వంపు కంటికి కనిపిస్తుంది. అడ్డంగా రాతి కమానులు కట్టి, ఇనుప పట్టీలు బిగించి నిలబెట్టారు. 1668లో క్రిస్టఫర్ రెన్ కొలిచి, శిఖరం రెండడుగులకు పైగా ఒరిగిందని తేల్చారు. అయినా బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన చర్చి శిఖరం ఇప్పటికీ అదే.

కట్టినప్పుడు అది పోప్ అధికారం కింద ఉండేది. 16వ శతాబ్దపు మత సంస్కరణతో ఆంగ్లికన్ చర్చి అయింది.

మా ఇంటి సామాన్లలో ఒక పొత్రం ఉంది. దాని రోలు ఏ ఊళ్లో ఉండిపోయిందో గుర్తులేదు. సాలిస్‌బరీ వారు మాకన్నా జాగ్రత్తపరులు. ముగ్గురు పాత బిషప్పుల అస్థికలను 1226లోనే కొత్తచోటికి తెచ్చుకున్నారు. 1331లో మూడవ ఎడ్వర్డ్ రాజు అనుమతితో పాత చర్చి రాళ్లు కూడా దిగివచ్చి, కొత్త చర్చి ప్రహరీగోడలో చేరాయి. గుట్ట మీద చెక్కిన పాత నగిషీలు ఆ గోడలో అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి.