అరుదైన జబ్బు: తెలిసిన వైద్యుణ్ని కనుక్కోవడం ఎలా?

మన శరీరానికి రాగి అవసరమే, కానీ చాలా కొద్దిగా. ఆహారంతో వచ్చిన రాగిలో ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. ఈ పనికి కావలసిన ప్రొటీన్‌ను తయారుచేయించేది ఏటీపీ7బీ అనే జన్యువు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటే రాగి కాలేయంలోనూ, మెదడులోనూ, కళ్లలోనూ పేరుకుపోతుంది. ఇదే విల్సన్ వ్యాధి. సుమారు 30 వేల మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా.

చిక్కు ఎక్కడుంది?

ఈ జబ్బు ఒకరిలో కామెర్లుగా, మరొకరిలో చేతుల వణుకుగా, ఇంకొకరిలో ప్రవర్తనలో మార్పుగా బయటపడుతుంది. దాంతో రోగులు వేర్వేరు విభాగాల చుట్టూ తిరుగుతారు. దగ్గరి వైద్యుడు ఎంత సమర్థుడైనా ఇలాంటి కేసు ఒక్కటీ చూసి ఉండకపోవచ్చు. కానీ ఇక్కడ ఆలస్యం ఖరీదైనది. తొలిదశలో గుర్తిస్తే పెనిసిలమిన్, జింక్ వంటి మందులతో జబ్బును అదుపులో ఉంచవచ్చు. ఆలస్యమైతే కాలేయానికి, మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

ఎక్కడ వెతకాలి?

పేరున్న వైద్యుడి కోసం కాకుండా, ఆ జబ్బును తరచుగా చూసే విభాగం కోసం వెతకడం మేలు. విల్సన్ వ్యాధికైతే బోధనాసుపత్రుల్లోని గ్యాస్ట్రోఎంటరాలజీ, న్యూరాలజీ, మెడికల్ జెనెటిక్స్ విభాగాలు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది. దాని కింద దేశంలోని కొన్ని పెద్ద ఆసుపత్రులను ప్రత్యేక కేంద్రాలుగా గుర్తించారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. పబ్‌మెడ్‌లో జబ్బు పేరు, నగరం పేరు కలిపి వెతికితే దానిపై వ్యాసాలు రాసిన వైద్యులు, వారి ఆసుపత్రులు తెలుస్తాయి. రోగుల సంఘాలు మరో దారి.

ఏమేం అడగాలి?

• ఈ జబ్బున్నవారిని ఇప్పటివరకు ఎంతమందిని చూశారు? ఇప్పుడు ఎందరు మీ దగ్గర చికిత్సలో ఉన్నారు?
• రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి పరీక్షలు ఇక్కడే చేస్తారా? నల్లగుడ్డు అంచున గోధుమ రంగు వలయం ఉందేమో కంటి వైద్యులు చూస్తారా?
• అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పరీక్షలు చేస్తారా? రోగి తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు ఉండే అవకాశం 25 శాతం. లక్షణాలు లేనప్పుడే గుర్తించడం వారికి పెద్ద మేలు.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో ఒక పేజీలో రాసుకుంటే వైద్యుడి సమయం కలిసొస్తుంది.

ఊళ్లోని వైద్యుడి పాత్ర

నిపుణులు దూరాన ఉన్నా చికిత్స జీవితాంతం సాగాలి. అందుకే మందుల మోతాదు, చేయించాల్సిన పరీక్షలు, వెంటనే పంపించాల్సిన ప్రమాద సూచనలు కాగితం మీద రాయించుకుని దగ్గరి వైద్యుడికి ఇవ్వాలి. రోజువారీ పర్యవేక్షణ ఆయన చూసుకుంటారు, నిర్ణీత కాలానికోసారి నిపుణులు సమీక్షిస్తారు. బాగానే ఉందనిపించి సొంతంగా మందు మానేస్తే కాలేయం హఠాత్తుగా విఫలమయ్యే ప్రమాదం ఉంది. ఆ మాట ఇద్దరు వైద్యులతో పాటు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.