మీటల సాయంతో ఫోల్డర్లలో శీఘ్ర సంచారం



పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతపు కర్మాగారాలలో నేడు కంప్యూటరు లేని కార్యాలయం అరుదు. గిడ్డంగి లెక్కలు, ఔషధ పరీక్షల నివేదికలు, జీతాల పట్టికలు అన్నియు ఫోల్డర్లలోనే ఉంటున్నాయి. మన పట్టభద్రులలో పలువురు ఆ కొలువులను ఆశించేవారే. కావున మౌసును తాకకుండా, మీటలతోనే ఫోల్డర్ల మధ్య సంచరించే విధానాన్ని ఇక్కడ వివరించదలచాను. ఐతే వేగం కన్న ముందు నేర్వవలసినది ఒకటి కలదు. దానిని నేను నష్టపడి నేర్చుకొన్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక వార్షిక సంచిక ముద్రణకు సిద్ధమవుతోంది. ఉర్దూ వ్యాసాలు సి డ్రైవులోను, పనికిరాని పాత ప్రతులు డి డ్రైవులోను ఉన్నాయి. నేను కమాండ్ ప్రాంప్టులో ఉర్దూ ఫోల్డరు నందుండి, సీడీ అను ఆదేశంతో డి డ్రైవు ఫోల్డరు పేరు కొట్టాను. తప్పు అని కంప్యూటరు చెప్పలేదు. వెంటనే అన్నిటిని తొలగించమన్నాను. నిశ్చయమేనా అని అడిగింది, అవునన్నాను. పోయినవి ఉర్దూ వ్యాసాలు! ఆదేశంతో తొలగించినవి రీసైకిల్ బిన్నుకు చేరవు. విద్యార్థులు రెండు రాత్రులు కూర్చొని చేతివ్రాత ప్రతుల నుండి మరల టైపు చేశారు. ఆ దోషం నాదే.

కారణమేమి? విండోస్‌లో సీడీ ఆదేశం ఒక డ్రైవు నుండి మరొక డ్రైవుకు మనలను చేర్చదు. ఆ డ్రైవులోని స్థానాన్ని మాత్రం గుర్తుంచుకొని ఊరకుంటుంది. సీడీ తరువాత ముందుకు వాలిన గీతయు, డి అక్షరమును చేర్చి, ఆపై ఫోల్డరు చిరునామా ఇస్తేనే డ్రైవు కూడ మారుతుంది.

ఇక చిరునామా సంగతి. దూరదేశం నుండి ఉత్తరం వ్రాసేవాడు రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం అన్నియు వ్రాయాలి. ముత్తంగిలో నిలిచి ఇస్నాపూరుకు దారి అడిగేవానికి ఊరి పేరొక్కటే చాలును. ఫోల్డర్లకును ఇట్లే పూర్తి చిరునామా, దగ్గరి చిరునామా అని రెండు కలవు. సీడీ తరువాత రెండు చుక్కలు పెట్టినచో ఒక మెట్టు పైకి పోతాము. వెనుకకు వాలిన గీత పెట్టినచో ఆ డ్రైవు మొదటికే చేరుతాము. విండోస్‌లో సీడీ అని మాత్రమే కొట్టినచో మనమున్న చోటు తెలుపుతుంది. లినక్స్‌లో అదే ఆదేశం మన సొంత ఫోల్డరుకు తీసుకొనిపోతుంది. అక్కడ ఉన్న చోటు తెలుసుకొనుటకు పీడబ్ల్యూడీ అని కొట్టాలి.

ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చినది 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ప్రారంభమైన యునిక్స్. 1981 నాటి తొలి ఎంఎస్‌డాస్‌లో ఫోల్డర్లలో ఫోల్డర్లు పెట్టే వీలు లేదు. 1983లో వచ్చిన రెండవ రూపంలో ఆ సౌకర్యం కలిగింది. విండోస్‌లో డైరెక్టరీ అను మాటకు బదులు ఫోల్డరు అను మాట విండోస్ 95తో వాడుకలోకి వచ్చింది.

పోయి మరల తిరిగిరావలెనన్న పుష్‌డీ, పాప్‌డీ అను జంట ఆదేశాలు కలవు. మొదటిది ఉన్న చోటును గుర్తుంచుకొని కొత్త చోటికి చేరుస్తుంది. రెండవది వెనుకకు తెస్తుంది. పేర్చిన పళ్లెములలో చివర పెట్టినదే ముందు చేతికి వచ్చినట్లు, చివరి చోటే ముందుగా వస్తుంది. విండోస్‌లో పుష్‌డీ డ్రైవును కూడ మార్చగలదు. లినక్స్‌లో సీడీ తరువాత చిన్న అడ్డగీత పెట్టినను వెనుకటి చోటికి పోవచ్చును.

ఆదేశాలు వద్దనుకొనేవారు విండోస్ మీటతో ఇ నొక్కి ఎక్స్‌ప్లోరరు తెరవవచ్చును. ఆల్ట్ మీటతో పై బాణం ఒక మెట్టు పైకి, ఎడమ బాణం వెనుకటి చోటికి, కుడి బాణం మరల ముందుకు తీసుకొనిపోతాయి. ఆల్ట్‌తో డి నొక్కినచో చిరునామా పట్టీ సిద్ధమవుతుంది. అక్కడ సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కినచో, ఆ ఫోల్డరులోనే కమాండ్ ప్రాంప్టు తెరచుకొంటుంది.

రెండు లిపుల వారమైన మనకు మరొక సూచన. పాత కమాండ్ ప్రాంప్టులో తెలుగు ఒత్తులు, కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ అక్షరాలు సరిగా కనిపించవు. కావున ఫోల్డర్లకు చిన్న ఇంగ్లీషు పేర్లు పెట్టి, లోపలి రచనలను మన లిపులలో ఉంచుకొనుట మేలు. పేరులోని తొలి అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కినచో తక్కినది కంప్యూటరే పూర్తి చేస్తుంది. దీనివలన శ్రమయు, అక్షరదోషములును తగ్గుతాయి.

మిత్రులారా, ఈ మీటలు వారం రోజుల అభ్యాసంతో చేతికి వస్తాయి. కాని ఏదైనా తొలగించే ముందు తెరపై ఉన్న చిరునామాను ఒక్కసారి చదవండి. ఎక్కడికి పోవాలో తెలియుట ఎంత అవసరమో, ఎక్కడున్నామో తెలియుట అంతకన్న అవసరం. రేపు మీ చేతిలో ఉండేది ఒక కర్మాగారపు మందుల పరీక్షా ఫలితమో, వందలమంది కార్మికుల జీతాల పట్టికో కావచ్చును.