మసి కాదు, ఉప్పు: మజిల్‌లోడర్ తుపాకీ శుభ్రతలో చిక్కులు

పాత సినిమాల్లో ఈ తుపాకీని చూసే ఉంటారు. సిపాయి గొట్టం మూతిలోంచి మందు పోస్తాడు, గుండు వేస్తాడు, పొడవాటి కడ్డీతో దట్టిస్తాడు, అప్పుడు పేలుస్తాడు. ఇలా మూతి వైపు నుంచి నింపే తుపాకీనే మజిల్‌లోడర్ అంటారు. అమెరికాలో, యూరప్‌లో వేటకీ గురి పోటీలకీ వీటిని ఇప్పటికీ వాడుతున్నారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు వాడే మజిల్‌లోడింగ్ తుపాకీ ప్రస్తావన ఉంది. లైసెన్స్ మాత్రం తప్పనిసరి.

ఈ తుపాకీతో అసలు తలనొప్పి పేల్చడంలో కాదు, కడగడంలో ఉంటుంది. ఎంత తుడిచినా మర్నాటికి తుప్పు. శుభ్రంగా ఉంచిన తుపాకీయే మొదటి దెబ్బకి పేలదు. తుడిచే గుడ్డ లోపల ఇరుక్కుపోతుంది. చూడటానికి ఇవి వేరు వేరు సమస్యలు. కానీ లోపల ఉన్న మురికి ఏమిటో తెలిస్తే వీటిలో చాలావాటికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

లోపల మిగిలేది ఏంటి?

తుపాకీమందులో బరువు ప్రకారం సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. సూరేకారం అంటే మన కెమిస్ట్రీ భాషలో పొటాషియం నైట్రేట్. ఈ మందు కాలినప్పుడు అంతా వాయువుగా మారిపోదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగలో పోతుంది, కొంత గొట్టం గోడలకి అంటుకుంటుంది. అందులో ముఖ్యమైనవి పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్, పొటాషియం సల్ఫైడ్, కాలని కాస్త బొగ్గు.

మనం మసి అనుకునేది చాలావరకు ఉప్పు అన్నమాట. పొటాషియం కార్బొనేట్ గాలిలోని తేమని లాక్కుంటుంది. తేమ, ఉప్పు, ఇనుము ఒకచోట చేరితే ఏమవుతుందో విశాఖ బీచ్ రోడ్డులో కిటికీ గ్రిల్స్‌ని అడిగితే చెబుతాయి.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. తుపాకీ అనగానే నూనె సీసా తీస్తారు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. ముందే నూనె పూస్తే ఉప్పు దాని కింద దాక్కుని తన పని తాను చేసుకుపోతుంది. నీళ్లు కడగడానికి, నూనె కాపాడటానికి. ఈ వరస మారకూడదు.

అన్నిటికంటే ముందు: ఖాళీగా ఉందా?

ఈ తుపాకీ లోపల గుండు ఉందో లేదో వెనక నుంచి తెరిచి చూడలేం. అందుకే కడ్డీతో కొలవాలి. కడ్డీని చివరిదాకా దింపి, మూతి దగ్గర ఒక గుర్తు పెట్టాలి. ముఖం, చెయ్యి మూతికి ఎదురుగా రాకూడదు. తర్వాత కడ్డీ బయటికి తీసి, ఆ గుర్తు మూతికి ఆనేలా గొట్టం పక్కన పెట్టి చూడాలి. కడ్డీ కొస నిప్పు వెళ్లే బెజ్జం దాకా రావాలి. అంతకంటే బాగా ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. అప్పుడు అది నింపిన తుపాకీ కిందే లెక్క. తెలిసినవాళ్లు వచ్చి ఖాళీ చేసేదాకా శుభ్రత మాట ఎత్తకూడదు. తాతల నాటి తుపాకీ గోడకి ఏళ్ల తరబడి వేలాడుతున్నా సరే, ఈ పరీక్ష తప్పదు. మందు పొడిగా ఉంటే దానికి వయసుతో పనిలేదు.

లక్షణం చూసి కారణం పట్టుకోవడం

*కడిగిన మర్నాడే ఎర్రటి గుడ్డ.* కడిగి, ఆరబెట్టి, నూనె రాసి పెట్టారు. మర్నాడు తెల్లగుడ్డ దూర్చి తీస్తే రంగు వచ్చింది. ఆ రంగు ఏమిటో చూడండి. నలుపు, బూడిద రంగు అయితే ఉప్పూ మసీ ఇంకా మిగిలాయి, మళ్లీ నీళ్లతో మొదలుపెట్టాలి. ఎరుపు, గోధుమ రంగు అయితే అది తుప్పు. బాగా మరిగిన నీళ్లు పోసినప్పుడు వేడి ఇనుము మీద క్షణాల్లో పల్చటి తుప్పు పొర రావచ్చు. గోరువెచ్చని నీళ్లు చాలు, వెంటనే పొడిగుడ్డలతో తుడిచి నూనె రాయాలి. మర్నాడొకసారి, మరో రెండు రోజులకొకసారి గుడ్డ దూర్చి చూస్తే నిశ్చింత.

*గుడ్డ లోపలే ఉండిపోయింది.* కడ్డీ చివర బిగించే బిళ్ల మరీ సన్నగా ఉన్నా, గుడ్డ మరీ మందంగా ఉన్నా, అడుగున మసి గట్టిపడినా ఇలా జరుగుతుంది. బలం పెట్టి లాగితే కడ్డీ విరుగుతుంది. కాసిని నీళ్లు పోసి నానబెట్టి, రెండు మెలికల కొక్కెంలా ఉండే పనిముట్టుని కడ్డీకి బిగించి తిప్పితే గుడ్డని పట్టుకుని బయటికి తెస్తుంది.

*ఎంత తుడిచినా అడుగు నుంచి నలుపు వస్తూనే ఉంది.* కొన్ని తుపాకుల్లో మందు కూర్చునే అడుగు గది గొట్టం కంటే సన్నగా ఉంటుంది. గొట్టానికి సరిపోయే గుడ్డ అందులోకి దిగనే దిగదు. అలాంటప్పుడు చిన్న బ్రష్‌కి తడిగుడ్డ చుట్టి ఆ గదిని విడిగా తుడవాలి.

*శుభ్రమైన తుపాకీ పేలలేదు.* ఇది ఎక్కువగా నూనె పని. తుపాకీని నిలబెట్టినప్పుడు గొట్టంలోని నూనె మెల్లగా అడుక్కి దిగి నిప్పు బెజ్జాన్ని మూసేస్తుంది, లేదా మందుని తడిపేస్తుంది. మందు పోసేముందు పొడిగుడ్డతో నూనె తుడిచెయ్యాలి, బెజ్జంలో సన్నటి తీగబ్రష్ ఆడించాలి. టోపీతో పేలే రకమైతే వాడేవాళ్లు ఇంకో పరీక్ష చేస్తారు. సురక్షితమైన చోట ఖాళీ తుపాకీ మూతిని గడ్డిపరక దగ్గర పెట్టి టోపీ ఒక్కటే పేలుస్తారు. గడ్డి కదిలితే దారి తెరిచి ఉన్నట్టే.

*నాలుగైదు దెబ్బల తర్వాత గుండు దిగనంటోంది.* మసి పేరుకుని గొట్టం ఇరుకైంది. ఒక్కో దెబ్బకీ మధ్య కాస్త తడి చేసిన గుడ్డతో ఓసారి, పొడిగుడ్డతో ఓసారి తుడిస్తే సరి. నీళ్లోడే గుడ్డ వద్దు, అది బురదని తోసి బెజ్జంలో కూరుతుంది. ఇది సౌకర్యం కోసమే కాదు. గుండు మందుని ఆనకుండా మధ్యలో ఆగిపోతే, పేల్చినప్పుడు గొట్టం ఉబ్బవచ్చు, పగలనూవచ్చు.

ఈ మసి చరిత్రలోకి ఎలా వచ్చింది?

ఆ చివరి సమస్యే మన దేశ చరిత్రతో ముడిపడింది. బ్రిటిష్ సైన్యం 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం .577 అంగుళాలది, లోపల మూడు గాళ్లు. గుండు కాగితంతో సహా లోపలికి దిగాలి. మసి పట్టిన గొట్టంలో అది జారడానికి కాగితానికి కొవ్వు రాశారు. కాగితపు తూటా కొసని పళ్లతో కొరికి మందు పోయడం అప్పటి డ్రిల్లు. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట 1857లో సిపాయిల్లో ఎంత మంట పెట్టిందో మనకి తెలుసు. తిరుగుబాటుకి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, కానీ దానికి నిప్పురవ్వ ఇదే. తర్వాత గుండు వ్యాసాన్నే .568 నుంచి .550 అంగుళాలకి తగ్గించారు.

మనలాంటి ఇంజనీరింగ్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మసికి కొవ్వు సాంకేతికంగా మంచి జవాబే. కానీ దాన్ని నోట్లో పెట్టుకునే మనిషి ఎవరన్నది డ్రాయింగ్ మీద లేదు.

పాత తుపాకీ ఇంట్లో ఉంటే

పైన చెప్పిన నీళ్ల పద్ధతి పేల్చడానికి వాడే తుపాకీకే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కనిపించేలాంటి పురాతన ఆయుధానికి అది పనికిరాదు. నీళ్లు చెక్కకీ గొట్టానికీ మధ్య చేరితే కంటికి కనపడని చోట తుప్పు మొదలవుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది మెరిపిస్తే పనివాడు చెక్కిన గుర్తులు, అక్షరాలు చెరిగిపోతాయి, మళ్లీ రావు. లైసెన్స్ సంగతి చూసుకుని, శుభ్రత పనిని సంరక్షణ నిపుణులకి వదిలెయ్యడమే మంచిది.

తుపాకీ అయినా, ల్యాబ్‌లో మొరాయించే మోటారు అయినా, చేతికి అందిన సీసా తియ్యకముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇక్కడ పేరుకున్నది అసలు ఏమిటి, అది దేనిలో కరుగుతుంది?