ఆటా వారిదే, వార్తా వారిదే

క్రీడావార్త అంటే ఏమిటి? మైదానంలో జరిగినదీ, దాని వెనుక జరిగినదీ, ఆ ఆటవల్ల లాభనష్టాలు లేని మనిషి చూసి చెప్పడం. కాని నేడు ఆట నడిపేవారే వార్త రాసి, ఫొటో తీసి, వ్యాఖ్యానం కూడా చెప్పించి మనకందిస్తున్నారు.

మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు పేరుతో 1998లోనే ప్రత్యేక టీవీ వచ్చింది. అమెరికాలో ఎన్.ఎఫ్.ఎల్. 2003లో సొంత ఛానల్ తెరిచింది. మన క్రికెట్ బోర్డూ ఆ దారే పట్టింది. 2012 నవంబరులో ఇంగ్లండ్ జట్టు వచ్చినప్పుడు గెట్టీ వంటి ఫొటో సంస్థలకు బోర్డు అనుమతి నిరాకరించి, ఫొటోలు తామే ఇస్తామంది. రాయిటర్స్, ఏ.పి., ఏ.ఎఫ్.పి. నిరసనగా కవరేజి ఆపేశాయి. 2013లో ఆస్ట్రేలియా పర్యటనకు వ్యాఖ్యానం చెప్పడానికి ఇయాన్ చాపెల్ ఒప్పుకోలేదు. జట్టు ఎంపిక, డి.ఆర్.ఎస్., బోర్డు పరిపాలన గురించి నోరెత్తకూడదన్న షరతు ఆయనకు నచ్చలేదు.

దీనివల్ల మంచి లేదా అంటే, ఉంది. మా పల్లెలో పొలం గట్టు మీద కూర్చున్న కుర్రాడు కూడా నిమిషాల్లో ఫోనులో వికెట్లు చూడగలుగుతున్నాడు. విలేఖరులందరూ సత్యహరిశ్చంద్రులనీ నేననను. అయితే అదే 2013 మే నెల గుర్తుచేసుకోండి. స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై ముగ్గురు రాజస్థాన్ రాయల్స్ ఆటగాళ్లను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో జస్టిస్ లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్ల యాజమాన్యాలను రెండేళ్లపాటు సస్పెండ్ చేసింది. ఇలాంటి సంగతులను లీగ్ సొంత ఛానలే తవ్వి బయటపెడుతుందని ఎవరైనా నమ్మగలరా? 2023 నుంచి అయిదేళ్ల ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. అంత సరుకు అమ్ముకునేవాడు తన సరుకులో పుచ్చు ఉందని తానే చెప్పడు కదా!

మా ఇంట్లో ధాన్యం అమ్మేముందు కళ్లంలోనే ఒకసారి కాటా వేసుకుంటాం. కొనేవాడు దొంగని అనుకుని కాదు, కాటా ఒక్కడి చేతిలోనే ఉండకూడదని. పత్రికా విలేఖరి ఆ రెండో కాటా. అతన్ని గేటు బయట నిలబెడితే నష్టం అతని ఉద్యోగానికే కాదు, టిక్కెట్టు కొన్న మనకూను.

కనుక మిత్రులారా, ఆట చూసి ఆనందించండి. వార్త చదివేటప్పుడు మాత్రం, రాసినవాడికి జీతమిచ్చేది ఎవరని ఒక్కసారి అడగండి. మన కాలేజీ క్రీడా నివేదికను క్రీడా కార్యదర్శే రాస్తున్నాడు. వచ్చే ఏడాది ఆ పని ఏ జట్టులోనూ లేని విద్యార్థికి అప్పగిస్తే బాగుంటుందని నా మనవి.