కొల్లేటి చేపపై వినియోగదారుని విశ్వాసం: ఫార్మాలిన్ వివాదం నేర్పిన పాఠం

సారాంశం

2018-19లో ఆంధ్రప్రదేశ్ చేపలలో ఫార్మాలిన్ ఉన్నదన్న ఆరోపణతో కొన్ని రాష్ట్రాలు కొనుగోళ్లను నిలిపివేశాయి. పేరు, చిరునామా లేని సరుకులో ఒకరు చేసిన తప్పు అందరి మీద పడుతుందని, ఖండన ప్రకటనల కన్నా జాడ తెలిపే ఏర్పాటు, పరీక్షా ఫలితాలే విశ్వాసాన్ని తిరిగి తెస్తాయని ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: కొల్లేరు, శీలావతి, బొచ్చె, ఫార్మాలిన్, జాడ గుర్తింపు, వినియోగదారుని విశ్వాసం

ప్రస్తావన

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు పరిసరాలలో శీలావతి, బొచ్చె చేపల పెంపకం వేలాది కుటుంబాలకు జీవనాధారం. కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో పట్టిన చేపలను ఐసుతో పెట్టెలలో సర్ది, లారీలలో ఈశాన్య రాష్ట్రాలకు, బెంగాల్, బీహార్‌లకు పంపుతారు. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి కోల్‌కతా దిశగా వెళ్లే ప్రధాన మార్గం. గౌహతికి రోడ్డు దూరం 2,000 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అక్కడి గృహిణికి చెరువు తెలియదు, రైతు తెలియడు. ఆమెకు తెలిసినది ‘ఆంధ్రా చేప’ అన్న పేరు మాత్రమే. ఈ ప్రాంతపు వ్యాపారమంతా ఆ పేరు మీదనే నడుస్తున్నది.

విశ్వాసం సన్నగిల్లిన తీరు

2018 జూన్‌లో కేరళ ఆహార భద్రతా అధికారులు ‘ఆపరేషన్ సాగర్ రాణి’ తనిఖీలలో ఫార్మాలిన్ కలిసిన చేపలను పట్టుకున్నారు. జూలైలో అస్సాం ప్రభుత్వం ఇతర రాష్ట్రాల చేపల దిగుమతిని పది రోజులు నిలిపివేసింది. అదే నెలలో గోవా పదిహేను రోజుల నిషేధం విధించింది. 2019 జనవరిలో పాట్నా నగరంలో ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ చేపల అమ్మకాన్ని పదిహేను రోజులు ఆపివేశారు.

నిషేధం కొద్ది రోజులదే అయినా రైతుకు అది చిన్న విషయం కాదు. పట్టుబడికి వచ్చిన చేపను చెరువులో ఉంచితే మేత ఖర్చు పెరుగుతుంది. పట్టి అమ్మబోతే ధర పడిపోతుంది. ఏ తప్పూ చేయని రైతు రెండు విధాలా నష్టపోతాడు.

ఫార్మాలిన్ స్వభావం

ఫార్మాలిన్ అనగా సుమారు 37 నుండి 40 శాతం ఫార్మాల్డిహైడ్ గల నీటి ద్రావణం. ఇది మాంసకృత్తులను బిగబట్టి, సూక్ష్మజీవులను చంపి, పాత చేపను తాజాదిగా భ్రమింపజేస్తుంది. ఆహార పదార్థాలలో దీని వాడకానికి మన దేశంలో అనుమతి లేదు. ఫార్మాల్డిహైడ్‌ను, ముఖ్యంగా పీల్చడం వల్ల కలిగే హానిని బట్టి, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మానవులకు క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది.

అయితే కొన్ని సముద్రపు చేపలలో నిల్వ సమయంలో సహజంగానే కొంత ఫార్మాల్డిహైడ్ ఏర్పడుతుంది. మంచినీటి చేపలలో ఇది బహు స్వల్పం. కనుక పరీక్షా ఫలితంతో పాటు చేప జాతిని, మోతాదును కూడా చూడవలసి ఉంటుంది.

ఖండన ఎందుకు చాలదు?

ఇక్కడి చేపలలో ఫార్మాలిన్ కలపడం లేదని రాష్ట్ర అధికారులు పేర్కొన్నారు. అది నిజమే అయినా, దూరపు వినియోగదారునికి దానిని నిర్ధారించుకునే సాధనం లేదు. గమ్యస్థానంలో దొరికిన ఫార్మాలిన్ ప్యాకింగ్ కేంద్రంలో కలిసిందా, దారిలో కలిసిందా, అక్కడి అంగడిలో కలిసిందా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. పెట్టె మీద వివరం లేనప్పుడు నిర్దోషి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోలేడు.

2015లో మ్యాగీ నూడుల్స్ ఉదంతం దీనికి భిన్నమైనది. సీసం పరిమితికి మించి ఉన్నదన్న ఆరోపణపై తమ సరుకు సురక్షితమని తొలుత వాదించిన నెస్లే సంస్థ, జూన్ 5న దానిని మార్కెట్ నుండి ఉపసంహరించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు గుర్తింపు పొందిన మూడు ప్రయోగశాలలలో తిరిగి పరీక్షించాలని ఆదేశించింది. ఆ ఫలితాలు అనుకూలంగా వచ్చిన తరువాత నవంబరులో సరుకు మళ్లీ అంగళ్లకు చేరింది. ప్రతి పొట్లం మీద పేరు, బ్యాచ్ సంఖ్య ఉన్నందున వెనక్కు తీసుకోవడమూ, తిరిగి పరీక్షించడమూ సాధ్యమైనాయి. కొల్లేటి చేప పెట్టెకు ఆ అవకాశం లేకపోయింది.

రొయ్యల ఎగుమతి చూపిన దారి

యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా ఐరోపా సమాఖ్య 2016లో భారతీయ పెంపకపు రొయ్యల సరుకులలో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుండి 50 శాతానికి పెంచింది. ఆ భారం ఏళ్ల తరబడి కొనసాగింది. పోగొట్టుకున్న నమ్మకం ఎంత నెమ్మదిగా తిరిగి వస్తుందో దీనివలన గ్రహించవచ్చు. అయినా ఆ రంగంలో చెరువుల నమోదు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ప్రయోగశాలలలో పట్టుబడికి ముందే జరిపే అవశేషాల పరీక్ష ఉన్నాయి. విదేశీ కొనుగోలుదారునికి చూపే ఈ శ్రద్ధ స్వదేశీ వినియోగదారునికీ దక్కాలి.

సూచనలు

1. ప్రతి పెట్టెకు చెరువు ఉన్న గ్రామం, పట్టుబడి తేదీ, ప్యాకింగ్ కేంద్రం సంఖ్య తెలిపే చీటీ అంటించాలి.

2. చేప బరువుకు సమానంగా శుభ్రమైన ఐసు వాడాలి. ఐసు ఖర్చులో చేసే పొదుపే రసాయనానికి దారి తీస్తుంది.

3. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన పరీక్షా పట్టీలు కొద్ది నిమిషాలలోనే ఫార్మాలిన్‌ను గుర్తిస్తాయి. లారీ బయలుదేరే ముందు వీటితో పరీక్షించి, ఫలితాన్ని సరుకుతో పాటు పంపాలి. అనుమానం వచ్చిన నమూనాలను ప్రయోగశాలలో నిర్ధారించాలి.

4. ప్రతి లోడు నుండి ఒక నమూనాను సీలు వేసి అతిశీతలంలో భద్రపరచాలి. వివాదం వస్తే గమ్యస్థానపు నమూనాతో పోల్చడానికి అది పనికివస్తుంది.

5. లోపం బయటపడితే మొత్తాన్ని ఖండించక, ఆ లోడును ఉపసంహరించి, కారణాన్ని వెల్లడించి, బాధ్యులపై చర్య తీసుకోవాలి.

ముగింపు

చీటీ, పరీక్ష, నమూనా భద్రత ఖర్చుతో కూడినవే. ఆ ఖర్చును రైతు ఒక్కడిపై మోపక ప్యాకింగ్ కేంద్రాలు, వ్యాపారులు, మత్స్యశాఖ పంచుకోవడం న్యాయం. ఆంధ్రా చేప అన్న ఉమ్మడి పేరు వలన అందరూ లాభపడుతున్నారు గనుక దానిని కాపాడే బాధ్యత కూడా అందరిదీ. తప్పు ఎక్కడ జరిగిందో చూపగలిగిన నాడు, తప్పు చేయనివాడు తన సరుకును ధైర్యంగా అమ్ముకోగలుగుతాడు.