గాలిపిస్తోలు – విమానప్రయాణము

మూసియున్న సిలిండరు నిండినదో ఖాళీయో కంటికి తెలియదు. 1988 సియోలు ఒలింపిక్సునందు ప్రవేశించిన పది మీటర్ల గాలిపిస్తోలు పందెమునకై మనము వాడు సిలిండరులో గాలి సాధారణముగా 200 బారుల వరకు, అనగా మనచుట్టునున్న గాలికంటె ఇంచుమించు 200 రెట్ల ఒత్తిడితో నింపబడును. అందుచేత నిండిన సిలిండరును విమానములో సామానుతో పంపరాదు. అమెరికా విమానాశ్రయములలో ఖాళీచేసిన సిలిండరుకు సహితము కవాటమును తీసి, లోపలిభాగము కనబడునట్లుంచవలెను. అయితే గాలినంతయు విడిచిన పిమ్మటనే కవాటమును విప్పవలెను. ఒత్తిడి మిగిలియుండగా విప్పుట ప్రాణాపాయము. పోటీస్థలమున మరల నింపుకొనవచ్చును. “ఖాళీయే” యని మనము చెప్పినను తనిఖీదారుడు చూడగోరుట అవిశ్వాసము కాదు. తోడి ప్రయాణికుల ప్రాణములయెడ అతనికిగల బాధ్యత.