రెండు రోబోలు ఒకదానికొకటి ఎప్పుడు కనిపిస్తాయి?

ప్రశ్న: గోదాములో తిరిగే రెండు రోబోలు అరల మధ్య ఒకదానికొకటి ఎప్పుడు కనిపిస్తాయో క్షణక్షణం లెక్కించాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. అలా చేస్తే, రెండు లెక్కల మధ్య సన్నటి అర అడ్డొచ్చి తొలగినా తెలియదు. రోబోలను బిందువులుగా తీసుకుని, వాటిని కలిపే గీతను గమనించండి. అది ఏదైనా అర మూలను తాకినప్పుడే చూపు తెగడమో కలవడమో జరుగుతుంది. అప్పుడు రెండు రోబోలూ ఆ మూలా ఒకే సరళరేఖపై ఉంటాయి. ఆ మూడింటి త్రిభుజ వైశాల్యం సున్నా. రోబోలు స్థిరవేగంతో తిన్నగా వెళ్తుంటే ఇది కాలంలో వర్గ సమీకరణం. సాధారణంగా ఒక్కో మూలకు మహా అయితే రెండు క్షణాలు. మూల రోబోల నడుమ ఉన్న క్షణాలనే ఉంచి, వరుసగా పేర్చండి. వాటి మధ్య ఒక్కో విరామంలో చూపు ఉందో లేదో ఒక్కసారి పరీక్షిస్తే చాలు. 1997లో పరిశోధకులు బాష్, గీబాస్, హెర్ష్‌బర్గర్ ప్రతిపాదించిన, కదిలే వస్తువుల కోసం వాడే కైనెటిక్ డేటా స్ట్రక్చర్ల కీలకం కూడా ఇదే: మార్పు వచ్చే క్షణాన్ని ముందే లెక్కగట్టి, నేరుగా అక్కడికే వెళ్లడం.